చెమ్మగోడ పురుగు

“ఏటి, చెయ్యి ఆగిపోయిందేటి?” అంది కాళమ్మ.

పైడిబాబు రంగులో ముంచిన బ్రష్షును గాల్లోనే ఆపాడు. బాంబూఫ్లాట్‌లో ఆ ఏడు కురిసిన వానలకు వాళ్ల పడకగది గోడంతా పచ్చగా పాచి పట్టింది. ఆ పాచి మీద బియ్యపుగింజంత దీపపు పురుగు ఒకటి వాలి ఉంది.

“ఇది మన అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదే. ఇలాటి చెమ్మగోడే దీనికి ఇల్లు. రంగేస్తే కేసయిపోద్ది,” అన్నాడు, పని తప్పించుకోడానికి నోటికొచ్చినట్టు.

కాళమ్మ నమ్మలేదు. ఆఫీసరెవరైనా వచ్చి చెబితే తప్ప ఒప్పుకోనంది. పైడిబాబు పెరట్లోకి పోయి, అవతలి ఒడ్డున డైరీ ఫార్మ్ అనే పేటలో ఉండే స్నేహితుడు నూకయ్యకు ఫోన్ చేశాడు. ఆఫీసరులా మాట్లాడగల మనిషినొకణ్ని పంపమని బతిమాలాడు. నూకయ్య సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫెర్రీ దిగి, కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన భూతద్దం పట్టుకుని వచ్చాడు. పైడిబాబు కన్ను గీటాడు. ఆయన పట్టించుకోలేదు. గోడకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. ఇది చాలా అరుదైన పురుగనీ, పాచి తిని బతుకుతుందనీ, రంగు మాట తలపెట్టవద్దనీ కాళమ్మకు చెప్పాడు. మనిషి గట్టివాడే, బాగా నటిస్తున్నాడు అనుకుని పైడిబాబు మురిసిపోయాడు.

ఆయన అంతటితో ఆగలేదు. గదిలోంచి మంచం తీసెయ్యాలన్నాడు. పురుగు రెక్కలు చిరుగుతాయి కాబట్టి ఫ్యాను వెయ్యకూడదన్నాడు. పక్క వంటింట్లో చేపల వేపుడు మానెయ్యమన్నాడు, ఆ పొగ దానికి పడదట. పైడిబాబు ఆయన కాలు తొక్కాడు. ఆయన కాలు వెనక్కి తీసుకుని, టీవీ చప్పుడు కూడా వద్దన్నాడు. కాళమ్మ బుద్ధిగా తలూపి, వెళ్లి ఫ్యాను ఆపేసింది.

చెమటలు కారుతుండగా పైడిబాబు ఆయన్ని రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కుపోయాడు.

“బస్ భయ్యా, చాలు. నూకయ్య చెప్పమన్నదానికన్నా ఎక్కువే చెప్పీసారు. ఇక బయల్దేరండి.”

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“నూకయ్యెవరు? నిన్న మా పరిశోధన ఆఫీసుకి ఈ పురుగు ఫోటో పంపి, రమ్మన్నది మీ ఆవిడండీ.”