ముద్ర పడింది

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఫారం మళ్లీ వెనక్కి తోశాడు.

“ఇంటి అడ్రసు అరకొరగా ఉందమ్మా. సరిచేసుకుని వచ్చే నెల రండి.”

“పోయిన వారం ఫొటో మసగ్గా ఉందన్నావు. అంతకుముందు సంతకం వంకరన్నావు.” ఫారం తెచ్చిన దర్జీ ఆవిడ గొంతు పెంచింది. “పంతొమ్మిదేళ్లుగా మేమిద్దరం ఒకే ఇంట్లో కాపురముంటున్నాం. ఇద్దరు ఆడవాళ్లు కూడా జంటగా రాయించుకోవచ్చని చట్టం వచ్చి ఏడాదైంది. మధ్యలో నీకెందుకయ్యా కడుపుమంట?”

పక్కనున్న నర్సు ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. “పోనీలేవే. నాకు డ్యూటీ టైమవుతోంది.”

“ఎలా పోనిస్తానే? ఈ చట్టం కోసం తీసిన మొదటి ఊరేగింపులో పన్నెండు మందిమి నడిచాం. నడిరోడ్డు మీద పడేసి కొట్టారు. అందులో తొమ్మిదిమంది ఈ రోజు చూడకుండానే పోయారు.”

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా. ఇంటికెళ్లిపోండి.”

“కాళ్లెందుకు, పెన్ను పట్టుకో!”

క్యూలో వాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వులకి లోపలి గదిలోంచి కొత్తగా వచ్చిన అధికారి బయటికొచ్చాడు. సంగతి విని, ఫారం అందుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు.

“అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదయ్యా! పెద్దావిడని ఇన్నిసార్లు తిప్పుతావా? మీరు కూర్చోండమ్మా.”

రిజిస్టరు తనే తెరిచాడు. ఇద్దరి పేర్లు, వీధి, ఇంటి నంబరు, కుట్టుపని చేసే దుకాణం, నర్సు పనిచేసే ఆసుపత్రి, ఏదీ వదలకుండా అడిగి మరీ రాసుకున్నాడు. ఠప్పున ముద్ర వేసి కాగితం చేతిలో పెట్టాడు.

దర్జీ రెండు చేతులతో అందుకుంది. తడి సిరా చెరిగిపోతుందేమోనని కాగితాన్ని ఊదుతూ నిలబడిపోయింది.

నర్సు కళ్లు తుడుచుకుంది. “ఇవాళ డ్యూటీ లేదు, గీటీ లేదు. పదవే ఇంటికి.”

గుమ్మం దగ్గర దర్జీ ఆగి, గుమాస్తాని ఎగాదిగా చూసింది. “ఇకనైనా మనిషిలా బతుకు నాయనా!”

అతను తలెత్తలేదు.

వాళ్లు మెట్లు దిగేదాకా చిరునవ్వుతో చూసి, అధికారి రిజిస్టరు మూశాడు.

“ఇంకెవర్నీ వెనక్కి పంపకు. చట్టం ఎల్లుండి రద్దవుతోంది. అరెస్టులకి ఎన్ని అడ్రసులు దొరికితే అంత మంచిదన్నారు పైవాళ్లు.”