కొసలు తుంపిన మనిషి

అమాస పొద్దున ఎవరో పరాయి ముసలాయన తమ ఆవచేనులో దిగి పూలకొసలు తుంపుతుంటే, సంధ్య ఒడ్డు మీంచే అరిచింది.

"ఓయ్! ఎవరయ్యా నువ్వు? ఏం జేస్తున్నవ్ గాడ?"

ఆయన తలెత్తలేదు. తుంపిన కొసలను సంచిలో వేసుకుంటున్నాడు. ఒడ్డు పక్క నాలుగు సాళ్లు అప్పటికే బోడిగా ఉన్నాయి.

"పేనుబంక పురుగు వడ్డది బిడ్డా. కొసలల్ల ఉన్నప్పుడే తుంపి బొంద వెట్టాలె. మబ్బు వట్టిందంటే చేనంత పాకుతది."

పేనూ లేదు, గీనూ లేదు. సంధ్య కళ్లకు పువ్వే కనిపించింది. పువ్వు పోతే కాయెక్కడిది?

మల్యాల దగ్గర ఆ ఊళ్లో వాళ్లకు వరి తప్ప మరో పంట తెలియదు. ఈసారి కాలువ నీళ్లు రాలేదని మొదటిసారి ఆవాలు చల్లారు. జగిత్యాల ఏజెంటు దగ్గర ఆమె భర్త వెంకటేశం దుబాయి వీసా సిద్ధంగా ఉంది.

"గీ పంట చేతికొస్తే పోను సంధ్యా, నీ మీదొట్టు" అన్నాడు.

అతను ఇంతకుముందు దుబాయిలో ఉన్న ఆరేళ్లూ మొగుణ్ణి ఫోన్లోనే చూసుకుంది సంధ్య. అందుకే రోజూ పొద్దున్నే వచ్చి చేనుకు దండం పెట్టుకునేది.

"ఏమయ్యో, జల్ది రా! ఎవడో మన చేన్ల మంత్రాలు జేస్తుండు!" అని మొగుణ్ణి కేకేసింది.

వెంకటేశం కట్టె పట్టుకుని ఉరికి వచ్చాడు.

"అమాస పూట మా చేన్ల నీకేం పనిరా? ఎవ్వడు తోలిండు నిన్ను?"

"ఎవ్వలు తోలలే కొడుకా. మాది బుగ్గారం, హన్మండ్లంటరు. బస్సులకెల్లి పచ్చగ కనవడ్డది, దిగిన. గీ కొస ఒక్కసారి జూడు..."

చూడలేదు. కట్టె మోచేతి మీద పడింది.

"మన చేనుది మన చేన్లనే వడాలె, లేకుంటే మంత్రం వారుతది" అంటూ వెంకటేశం సంచి గుంజుకుని, కొసలన్నీ చేను నడుమ దులిపేశాడు.

"అయ్యో, గట్ల జెయ్యకు కొడుకా!"

ముసలాయన మొత్తుకుంటూనే, దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని రోడ్డెక్కాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం ఆవచేనుకు ఆవాలూ మిరపకాయలతో దిష్టి తీశారు. ఏం చేస్తాం, తెలివి అట్లా ఏడ్చింది.

మూడోనాడు మబ్బు పట్టింది. పదో రోజుకు చేనంతా జిగురు, నలుపు. పువ్వు మాడిపోయింది. కొమ్మ ముట్టుకుంటే చేతినిండా పేను.

వ్యవసాయాధికారి మేడం వచ్చి చేనంతా తిరిగి, ఒడ్డు పక్క ఆగింది.

"గీ నాలుగు సాళ్లు మంచిగున్నయ్. మళ్ల కొమ్మలేసి పూస్తున్నయ్. కొసలు ఎవరు తుంపిండ్రు?"

"బుగ్గారం ముసలాయన మేడం" అంది సంధ్య.

"మిగిలింది గూడ అప్పుడే తుంపితే బతుకుతుండె. ఇప్పుడు మందు కొట్టినా కాయ నిండదు."

వెంకటేశం ఒడ్డు మీద కూలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఏజెంటుకు చెప్త సంధ్యా. ఇంకేం జెయ్యాలె?"

సంధ్య ఫోన్ గుంజుకుంది.

"ఆగు! గా ముసలాయన కాళ్లు వట్టుకుందాం. నాలుగు సాళ్లు బతికించినోడు ఇంకేమన్న ఉపాయం జెప్తడు. నీకు దండం వెడత, ఒక్కసారి పోదాం రా!"

బుగ్గారంలో అడిగితే ఇల్లు చూపించారు. హన్మండ్లు భార్య రాములవ్వ గడపలో కూర్చుని ఉంది.

"ఆయన లేడు బిడ్డా. కోరుట్ల దిక్కు వోయిండు."

"చెయ్యి... చెయ్యి ఎట్లున్నది పెద్దమ్మా?" అంది సంధ్య.

"ఏడనో ఒడ్డు మీద జారి వడ్డ అన్నడు. పట్టీ కట్టుకొనే వోయిండు. ఆవచేను కనవడితే ఆగడు."

"పరాయోళ్ల చేన్ల కోసం గంత తిప్పలెందుకు పెద్దమ్మా?" వెంకటేశం అడిగాడు.

రాములవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోయినేడు మా కొడుకు ఆవచేను గిట్లనే పేను తిన్నది బిడ్డా, గా బాధకు దుబాయి వోయిండు, మూన్నెల్లకు శవపెట్టెల అచ్చిండు."