మీసం దువ్వుకున్న మనిషి

"పగిలిన అద్దాన్ని మీరు కొట్లో ఉంచుతారా?" అని అడిగింది భార్య.

అద్దాల వ్యాపారి దూది అందుకున్నాడు.

పగిలిన సరుకు ఆయన కొట్లో పూట కూడా ఉండదు. తలుపులు తెరిచేలోపే పెరటి దారిన బయటికి పోవాల్సిందే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నువ్వేమన్నా సరుకువటే?" అన్నాడు చివరికి.

ఆమె నవ్వలేదు.

ఆయన దూది తడిపి ఆమె ముక్కు మీది పుండు తుడిచాడు. మొదట్లో అది మిరియపు గింజంత మచ్చ. ఇప్పుడు ముక్కు తినేసి చెంపకు దిగుతోంది. చర్మం క్యాన్సరన్నారు. ముదిరిందన్నారు. వాసనకు తట్టుకోలేక పనిమనిషి మానేసింది. ఆయన మాత్రం పూటపూటా కట్టు తన చేత్తోనే మార్చేవాడు.

డాక్టరమ్మ నాన్చకుండా చెప్పింది.

"ముక్కు మొత్తం తీసెయ్యాలి. తీస్తే మనిషి దక్కొచ్చు. ఆలస్యమైతే మెడకు పాకుతుంది, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకు. ఆవిడ వద్దంటోంది. మీరే ఒప్పించాలి."

"మీకేమండీ, ఎన్నయినా చెప్తారు. మీ ఇంట్లో వచ్చిపడితే తెలిసేది!"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన వంక చూసింది.

"ఒప్పించండి," అంది మళ్ళీ, అదే గొంతుతో.

ఒప్పించడం ఆయనకు కొత్తా? చేతి అద్దం కోసం వచ్చినవాడికి నిలువుటద్దం అంటగట్టి పంపే మనిషి. ఆయన సూత్రం ఒక్కటే: బేరం తెగేదాకా లోపం కొనేవాడి కంట పడకూడదు.

కొట్టు మీదే ఇల్లు. ఇంట్లో అద్దాలన్నీ కిందికి దింపించాడు. ఆమె పక్కన కూర్చుని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

"ముక్కు పోయి ప్రాణం మిగులుతుంది. లాభమా, నష్టమా? నువ్వే చెప్పు."

"లాభమే. తరవాత ఆ మొహం చూడాల్సింది మీరు."

"చూస్తానే! నాకు నువ్వు కావాలి గానీ ముక్కు దేనికి?"

రోజూ ఇదే పాట. ఒకనాడు ఆమె కాస్త మెత్తబడింది.

"సరేలెండి. నేనొకటి చూసుకోవాలి. చూసుకుని చెప్తాను."

"ఏం చూసుకోవాలి?"

"మీకు చెప్తే దానికీ మెరుగు పెట్టి చూపిస్తారు. వద్దు."

సగం బేరం తెగినట్టేనని ఆయన సంబరపడ్డాడు.

మర్నాడు కొట్లోకి ఒక మనిషి వచ్చాడు. కళ్ళ కిందినుంచి మొహమంతా గుడ్డ కట్టుకున్నాడు.

"అమ్మగారు ఉన్నారాండీ?"

"ఏం పని?"

"ఆవిడతోనే మాట్లాడాలండీ."

"దొంగలా ఆ ముసుగేమిటి? తియ్యి ముందు!"

వచ్చినాయన గుడ్డ విప్పాడు.

ముక్కు ఉండాల్సినచోట గుంట. చుట్టూ ముడతలు పడ్డ చర్మం. గోడల మీది అద్దాలన్నిట్లోనూ అదే మొహం.

వ్యాపారి చటుక్కున లేచి మేడ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. కొంపదీసి ఇది ఆవిడ కంట పడిందా, కుదురుతున్న బేరం కాస్తా ఊడుతుంది!

"వెళ్ళు, వెళ్ళు! ఇక్కడ ధర్మం లేదు."

"ధర్మానికి రాలేదండీ. ఆవిడే..."

"వెళ్ళమన్నానా!"

ఆ మనిషి కోప్పడలేదు. గుడ్డ మళ్ళీ కట్టుకోబోతూ, ఎదురుగా ఉన్న నిలువుటద్దంలోకి తొంగిచూసి, తాపీగా మీసం దువ్వుకున్నాడు.

పక్క కొట్టు గడియారాలాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన ముందు తేలికైపోతానేమోనని వ్యాపారి గొంతు పెంచాడు.

"చూశావా బావా! ఈ మొహానికి అద్దం కూడానా! మా అద్దం పగిలితే ఎవడిస్తాడు?"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"నాకు అలవాటేలెండి," అని ఆ మనిషి గుడ్డ కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

"కోత వద్దు."

"అదేమిటే? నిన్ననే కదా..."

"వద్దండీ."

ఆయన బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. తిండి మానేశాడు. ఆమె మాట మారలేదు. వానలు వెలిసేసరికి మెడ మీద గడ్డలు లేచాయి. ఇక కోసినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పేసింది.

ఆస్పత్రి మంచం మీద చివరి రోజు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఎందుకే ఇలా చేశావు?"

"ఒప్పుకుందామనే ఆ వేళ మెట్లు దిగానండీ."

"ఏ వేళ?"

"ఈ కోత పడి బతికున్న మనిషిని ఒకర్ని చూపించమని డాక్టరమ్మని అడిగాను. పంపించింది. మీరు వెళ్ళగొట్టారు."

"ఆయనా! చూస్తే నువ్వు బెదిరిపోతావనే కదే..."

"బెదరలేదు. మెట్ల మీంచి కనిపిస్తూనే ఉన్నాడు. ఆయన మీసం దువ్వుకుంటుంటే నవ్వొచ్చింది కూడా. ఇలాగైనా బతకొచ్చనిపించింది."

ఊపిరి కోసం ఆగింది.

"అంతలో మీరు నవ్వారు."

ఆ మధ్యాహ్నమే ఆమె పోయింది.

శవాన్ని తీసుకెళ్ళే బండి కోసం ఆయన ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. కాస్త అవతల గోడ నీడన మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషి కనిపించాడు. కాళ్ళ మీద పడదామని వ్యాపారి నాలుగడుగులు వేశాడు.

ఈలోగా డ్యూటీ దిగి డాక్టరమ్మ బయటికి వచ్చింది. తిన్నగా ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, ముక్కు లేనిచోట జారిన గుడ్డను వేళ్ళతో సర్ది, "ఏమండీ, వచ్చి చాలాసేపయిందా? ఇంటికి పోదాం పదండి," అంది.