ఎగిరే వీరుడి అంగీ

సినిమాల్లో వీరులు తొడిగిన అసలు దుస్తులు సేకరించడం జనగామ జగపతికి పిచ్చి. ఈసారి మద్రాసు నుంచి ఎగిరే వీరుడి ఎర్ర అంగీ తెచ్చాడు. వీపున తాడు కట్టే రంధ్రం ఉంది. పైన తాడు పట్టినవాడు వదిలేస్తే ఈ అంగీ తొడుక్కున్న డూపు పడి చచ్చిపోయాడని అమ్మినవాడు చెప్పాడు. జగపతికి ఏమీ అనిపించలేదు.

ఆ రాత్రి పెరట్లో బావి గిరక కిర్రుమంది.

"చేంతాడు ఇంట్లనే పెట్టిన గదా," అంది భార్య సునంద.

మూలన చేంతాడు లేదు. కొక్కేనికి తగిలించిన అంగీ లేదు.

పెరట్లోకి వెళ్తే, గిరక మీంచి తాడు బావిలోకి జారిపోతోంది. జగపతి పట్టుకున్నాడు. అవతలి కొసన మనిషంత బరువు ఆగింది.

"గా తాడు ఇడిచిపెట్టి లోపలికి రారి," అంది సునంద గడపలోంచి.

అతని చేతులు తిమ్మిరెక్కుతున్నాయి.