మందంత ఖరీదైన కారు

కారు అద్దానికి ఎవరిదో మొహం ఆనింది.

వెనక సీట్లో పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్న బెగిమై ఉలిక్కిపడింది.

మంచుకు కమిలిన చెంపలు, నెరిసిన గడ్డం, గొర్రెతోలు కోటు. ఆ మనిషి రెప్ప వేయకుండా పాపనే చూస్తున్నాడు.

ఆమె చప్పున దుప్పటి లాగి పాప మొహం కప్పేసింది.

“ఎర్నాజర్! త్వరగా రా!”

టీ దుకాణంలోంచి ఆమె భర్త పరుగెత్తుకొచ్చాడు.

“ఏం పెద్దాయనా, ఏం కావాలి?”

“ఏమీ వద్దు. కారు చూస్తున్నా.”

ముసలాయన కారు చుట్టూ తీరిగ్గా ఒక చుట్టు తిరిగాడు. గుర్రం మెడ నిమిరినట్టు ఎర్రటి బానెట్ నిమిరాడు.

“సోకుగా ఉంది. ఎంతైంది?”

“చాలా అయింది.”

“చాలా అంటే? ఎన్ని గుర్రాలు?”

ఎర్నాజర్‌కి నవ్వొచ్చింది. “ఓ మందంత.”

“మరి మందంత పని చేస్తుందా?”

ఆ మాట ఎర్నాజర్‌కి చురుక్కుమంది. బిష్కెక్ నగరంలో స్నేహితులూ ఇలాగే దెప్పారు. ఇంత చిన్న బండికి అంత డబ్బా అన్నారు. అదే ధరకి నాలుగు చక్రాలూ లాగే రకం దొరికేది. అతను తెల్లతోలు సీట్లూ గాజు పైకప్పూ ఉన్నదాన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు.

“ఇంతకీ ఎవరు కొనిపెట్టారు?” ముసలాయన కళ్లు చిలిపిగా మెరిశాయి.

“ఒకరు కొనిపెట్టేదేంటి? నా సొంత సంపాదన.”

బెగిమై భర్త వైపు అదోలా చూసింది. సగానికి పైగా అత్తగారు పంపిన డబ్బే.

ముసలాయన ఏదో అనబోయి మానుకున్నాడు. మొహంలో నవ్వు ఆరిపోయింది. తల తిప్పి కనుమ వైపు చూశాడు.

“ఇవాళ పైకి పోవద్దు బాబూ. గాలి తిరిగింది. పసిబిడ్డతో ఎందుకు?”

“ఇది ఎస్‌యూవీ పెద్దాయనా. మీ గుర్రం అనుకున్నారా?”

కనుమ అవతల ఎర్నాజర్ తల్లి ఉండే ఊరి వైపు కారు కదిలింది.

“చూశావా?” బెగిమై పాప దుప్పటి ఇంకా దగ్గరికి లాగింది. “చేతిలో ఏ కానుకా పెట్టకుండా పాప మొహం చూశాడు. తూ తూ అని కూడా అనలేదు. మంచివాళ్లెవరైనా అలా చూస్తారా? దిష్టి పెట్టాడు.”

“ఊరుకో, అవన్నీ పాతకాలం మాటలు.”

అన్నాడే గానీ, అతనికీ లోలోపల పీకుతూనే ఉంది.

రెండు మలుపులు దాటారో లేదో మంచుగాలి విరుచుకుపడింది. రోడ్డు ఏదో లోయ ఏదో తెలియకుండా పోయింది. మూడో మలుపు ఎక్కుతుండగా ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఇంజను అరిచింది తప్ప కారు ముందుకు పోలేదు.

వెనక్కి జారడం మొదలుపెట్టింది.

ఎర్నాజర్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. అయినా జారుతూనే ఉంది. రోడ్డు అంచున ఒక రాయికి వెనక చక్రం తగిలి ఆగింది. ఆ రాయి అవతల ఏమీ లేదు.

“దిగిపోదాం. పాపను తీసుకుని దిగిపోదాం!”

“కదలకు! రాయి కదులుతోంది.”

ఫోనుకి సిగ్నల్ లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

అప్పుడు మంచులోంచి ఒక గుర్రం బయటికొచ్చింది. దానిమీద గొర్రెతోలు కోటు. చేతిలో ఇనప గూటం.

“వాడే! మన వెనకే వచ్చాడు!”

ఎర్నాజర్ తలుపులన్నీ లాక్ చేశాడు.

ముసలాయన దిగి అద్దం మీద కొట్టాడు. ఏదో అరిచాడు. గాలిలో ఒక్క ముక్కా వినపడలేదు. లోపలివాళ్లు బిగుసుకుపోయి కూర్చున్నారు, అద్దం దించలేదు.

ఆయన ఇక అడగలేదు. గుర్రాన్ని కట్టేసే ఆ గూటాన్ని రాయితో వెనక చక్రం కింద దిగ్గొట్టాడు. కారు ముందు భాగానికి తాడు బిగించి రెండో కొస జీనుకి కట్టాడు. పోనివ్వమని చేత్తో సైగ చేశాడు.

గుర్రం మోకాళ్లు వంచి లాగింది. కారు బెత్తెడు కదిలింది. ఇంకో బెత్తెడు కదిలింది. ఉన్నట్టుండి చక్రాలకి పట్టు దొరికి ముందుకు దూకింది. గుర్రం బెదిరి పక్కకి అడుగేసింది. దాని కాళ్ల కింద అంచు విరిగిపోయింది.

తాడు బిగుసుకుంది. కారు ముక్కు లోయ వైపు తిరిగింది.

బెగిమై కెవ్వున అరిచి పాప మీదకి వంగిపోయింది.

ముసలాయన నడుముకున్న కత్తి దూశాడు. ఒక్క క్షణం గుర్రం వైపు చూశాడు. తాడు కోసేశాడు.

గుర్రం సకిలింపు కిందికి, కిందికి పోయి ఆగిపోయింది.

ఆయన రెండు చేతులూ ఊపాడు. పో, ఆగకు, పో.

“ఆగుదాం ఎర్నాజర్! ఒక్క మాటైనా చెబుదాం.”

“ఆగితే మళ్లీ జారతాం!”

నిజమే, జారేవాళ్లు. కానీ ఆ మనిషంటే భయం అతనికి ఇంకా పోలేదు. వెనక చూపించే అద్దంలో ఆయన ఒంటరిగా నిలబడి లోయలోకి చూస్తూ కనిపించాడు. తర్వాత మంచు కప్పేసింది.

కనుమ పైన కాపలావాళ్లు వాళ్ల వెనకే గేటు దించేశారు. మంచు తగ్గేదాకా ఎవరూ దాటడానికి లేదన్నారు.

తల్లి ఊరు సూసమీర్‌లో ఇంటి ముందు కారు ఆగేసరికి ఆమె చేతినిండా మిఠాయిలతో ఎదురొచ్చింది. ఆనవాయితీ ప్రకారం వాటిని కొత్త కారు మీద చల్లబోయి ఆగి, ఖాళీ రోడ్డు వైపు తొంగి చూసింది.

“మీ మేనమామ ఏడిరా?”

“ఏ మేనమామ?”

“నీకెంతమంది ఉన్నారేంటి? చిన్నప్పుడెప్పుడో చూశావు, అంతే. కనుమ కింద టీ దుకాణం దగ్గర కలుస్తానన్నాడే! నువ్వు గుర్తుపడతావో లేదో చూస్తాడట, నీకు ముందే చెప్పొద్దన్నాడు.”

ఎర్నాజర్ కనుమ వైపు తిరిగాడు. బెగిమై పాపను గుండెకి అదుముకుని ఏడవసాగింది.

తల్లి వాళ్లను గమనించలేదు. ఆమె కళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

“పసిదాని మొహం ఉత్తచేతులతో ఎలా చూడనని, తనకి మిగిలిన ఆ ఒక్క గుర్రాన్నీ పాపకివ్వడానికి తెస్తానన్నాడు, మందలో తక్కినవన్నీ నీ కారు కోసమే అమ్మేశాడు కదరా.”