మూత లోపలి గుర్తు

గడియారాల దుకాణం యజమాని కిటికీ దగ్గరి బల్లను చుక్కయ్యకు ఇచ్చిన రోజునే వంకయ్య మనసులో పగ పుట్టింది.

అవి వారి అసలు పేర్లు కావు.

గడియారాన్ని విప్పి బాగుచేసినవాడు లోపల సూదిమొనతో తన గుర్తు పెట్టాలి. అది ఆ దుకాణం నియమం. ఏది ఎవరి పని అనడానికి వేరే సాక్ష్యం ఉండదు. ఒకరిది చుక్క, మరొకరిది నెలవంక. ఇరవై రెండేళ్ళు పక్కపక్కన కూర్చున్న మిత్రులకు చివరికి ఆ గుర్తులే పేర్లయ్యాయి.

"వెలుతురు నీకు, గోడ నాకు. బాగుందిరా!" అన్నాడు వంకయ్య.

"నువ్వే కూర్చో అక్కడ. ఆయనతో నేను చెప్తాలే."

"ఏంట్రా, దానమా?"

చుక్కయ్య భూతద్దం తగిలించుకుని పనిలో పడ్డాడు.

పగకు ఆధారాలు కరువు కావు. వెతకడం మొదలుపెడితే మిత్రుడి మంచితనం కూడా అతనికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది.

నెల తిరగకుండానే ఎవరిదో తాతల నాటి జేబు గడియారం వంకయ్య బల్ల మీదికి వచ్చింది. ఏడాదిగా అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఎవరికీ తెలియదని ధీమా. వెంట్రుకంత ఇరుసు పుటుక్కున విరిగింది.

మూత లోపల నెలవంక గీయబోయిన సూది ఆగింది.

చుక్క పెట్టింది.

మర్నాడు యజమాని కంటికి భూతద్దం తగిలించుకుని మూత తెరిచాడు.

"చుక్కయ్యా, ఇది నీ పనేనా? విరగ్గొట్టి, గుట్టుగా మూసి పెడతావా?"

చుక్కయ్య ఆ చుక్కను చాలాసేపు చూశాడు. తరువాత వంకయ్య వేళ్ళను చూశాడు.

"నాదేనండి."

"అయితే రేపటి నుంచి రానక్కర్లేదు."

వంకయ్య గుమ్మం దాకా వెళ్ళి మరీ సాగనంపాడు.

"వెలుతురు ఎక్కువైతే కళ్ళు బైర్లు కమ్ముతాయిరా!"

"చేతులు డాక్టరుకి చూపించుకో," అన్నాడు చుక్కయ్య.

పోతూ పోతూ పొడిచాడనుకున్నాడు వంకయ్య. అయినా ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది.

కిటికీ బల్ల అతనిదయింది. మూడు వారాల్లో ఏడు గడియారాలు తిరిగివచ్చాయి. ఏడింటిలోనూ నెలవంకే.

"ఏమైందయ్యా నీకు?" యజమాని గొంతు పెంచాడు. "మొన్నటిదాకా నువ్వు బాగుచేసిన గడియారం ఒక్కటైనా వెనక్కి వచ్చిందా? ఇంకొక్కటి వస్తే నువ్వూ ఇంటికే!"

"వెలుతురు ఇంకా అలవాటు కాలేదండి."

ఆ మధ్యాహ్నం ఒక గడియారం పట్టీ మార్చడానికి వచ్చింది. ఆరు నెలల క్రితం తాను చేసినదే. క్షణం తేడా లేకుండా నడుస్తోంది.

వంకయ్యకు ప్రాణం లేచివచ్చింది. తన పనితనాన్ని తానే చూసుకోవాలన్న ఆశతో మూత తీశాడు. నెలవంక ఉంది. అంతటితో నమ్మకం కుదరక ఇంకా లోపలికి వెళ్ళాడు. ముళ్ళు తీసి, అంకెల పలకను మెల్లగా ఎత్తాడు.

దాని అడుగున, యజమాని కన్ను ఎన్నడూ పడని చోట, తన తరువాత మళ్ళీ విప్పి సరిచేసినవాడు దుకాణం నియమమూ తప్పక, మిత్రుడి పరువూ తీయక పెట్టిన ఒక చిన్న చుక్క ఉంది.