నాలుగు పాయల జడ

"అత్తయ్యా, ఈ జడ ఎవరు వేశారు?"

తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో వచ్చి, అత్తగారింట్లో అడుగుపెట్టి, మంచినీళ్లయినా తాగకుండా గీతిక అడిగిన మొదటి మాట అది.

మాణిక్యాంబ గబుక్కున జడను కొంగు కింద దాచుకుంది. "ఎవరు వేస్తారమ్మా! నేనే వేసుకున్నా."

అబద్ధం. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవట్లేదని మొన్న ఫోన్లో చెప్పింది ఆవిడే. ఆ వెంటనే కాఫీకి పంచదార డబ్బా కూడా గీతిక చేతే దింపించింది.

అయినా గీతికకు ఒకరు చెప్పాలా? బాపట్లలో వాళ్లమ్మ వేసేది మూడు పాయల జడ. మెడ దగ్గర నొప్పిపుట్టేంత బిగుతు, చివరికొచ్చేసరికి ఎలక తోక. తెనాలి పార్లర్లో హెలెన్ వేసే చేపముల్లు జడ చూడ్డానికి బావుంటుంది గాని సాయంత్రానికి సగం ఊడిపోతుంది. ఇది ఆ రెండూ కాదు. నాలుగు పాయలు, ఎడమవైపు నుంచి మొదలు, చివర రబ్బరు బ్యాండు లేకుండా జుట్టుతోనే ముడి. ఈ జడ ఆమెకు తెలిసి లోకంలో ఒక్కరికే వచ్చు. ఆమె మొగుడు జయంత్‌కి. ప్రతి ఆదివారం బాల్కనీలో పీట వేసి కూర్చోబెట్టి మరీ వేస్తాడు. "నీ ఒక్కదానికే" అంటాడు. పెళ్లయి మూడు నెలలైనా ఆ మాటకి ఆమెకు ఇంకా చక్కిలిగింతే.

ఆ జయంత్ నిన్ననే ఇక్కడికి వచ్చేశాడు.

పెరట్లో మొహం కడుక్కుంటుంటే పట్టుకుంది.

"ఏవండీ, మీ అమ్మగారి జడ చాలా బావుంది."

"ఊఁ. ఎప్పుడూ బావుంటుంది."

"ఎప్పుడూనా! అయితే నువ్వు వచ్చినప్పుడల్లా వేస్తున్నావన్నమాట." మీరు కాస్తా నువ్వయిపోయింది.

"నేనా? అమ్మ తల మీద చెయ్యయినా వెయ్యలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. నా జడ విప్పి మళ్లీ వెయ్యి. ఇక్కడే, ఇప్పుడే."

జయంత్ వేశాడు. గీతిక అత్తగారిని బతిమాలి పక్కన నిలబెట్టుకుని, ఇద్దరి జడలూ కనిపించేలా వెనకనుంచి ఫొటో తీయించింది. ఫోన్ లాక్కుని చూసింది. అదే ఎడమ పాయ, అదే ముడి. కానీ అత్తగారి జడలో నాలుగు పాయలూ కొలిచి పెట్టినట్టున్నాయి. తనది నడుం దగ్గరకొచ్చేసరికి ఒక పక్కకి ఒరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడు! ఆవిడకి శ్రద్ధగా, నాకేమో హడావిడిగా."

"గీతూ, కాస్త నెమ్మదిగా మాట్లాడవే..."

"మాట్లాడను. నా ఒక్కదానికే అన్నావు! అత్తయ్యా, మీరయినా చెప్పండి. కొడుకు తల్లికి జడ వేస్తే నేనేమన్నా అంటానా? నాకు చెప్పకుండా వేస్తేనే కోపం."

మాణిక్యాంబ మొహం ఎర్రబడింది. "వాడు కాదమ్మా," అంది, నేల చూపులు చూస్తూ.

"మరి ఎవరండీ?"

ఆవిడ జడను మళ్లీ కొంగు కిందకి లాక్కుంది. జయంత్ మళ్లీ మొహం కడుక్కోవడం మొదలెట్టాడు.

వసారాలో పేపరు మడిచిన చప్పుడయింది. జయంత్ తండ్రి వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు పెరట్లోకి వచ్చారు. ముప్పై అయిదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పటికీ బజార్లో ఆయన ఎదురుపడితే, జుట్టు నెరిసిన శిష్యులు కూడా బండి ఆపి దిగుతారు. ముగ్గురూ బిగుసుకుపోయారు.

ఆయన కళ్లజోడు సవరించుకుని, కోడలి జడను పైనుంచి కిందదాకా చూసి, కొడుకు వైపు తిరిగారు.

"తలుపు సందులోంచి చూసి నేర్చుకుంటే ఇలాగే ఏడుస్తుందిరా! రెండో పాయ వదులయింది. విప్పి మళ్లీ వెయ్యి."